రాని వాళ్ళ పేర్లు రాసుకున్న పుస్తకం

మొదటి మీటింగుకి 43 మంది వచ్చారు. ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ రాత్రే ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. పైకి పంపిన రిపోర్టులో కూడా మొదటి వాక్యం అదే. ఆ 43 మందిలో గర్భిణులు ఇద్దరే. ఆ సంగతి చాలా నెలల దాకా నాకు తెలియలేదు. ఎవరో దాచిపెట్టి కాదు, నేనే లెక్కపెట్టలేదు.

కాగితాల్లో నా పని పేరు ఫెసిలిటేటర్. ఊళ్ళో ఆ మాటకి ఎవరి నోరూ తిరగలేదు. 'మీటింగు అమ్మాయి' అన్నారు, అదే ఖాయమైంది. నేను నర్సును కాను, డాక్టరును అసలే కాను. నెలకోసారి ఆడవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టాలి. కాన్పుల్లో, పసిబిడ్డల విషయంలో తమకి ఏం ఇబ్బందులు వస్తున్నాయో వాళ్ళ చేత చెప్పించాలి. వాటిలో ముందు దేన్ని పట్టుకోవాలో, ఏం చేయాలో వాళ్ళే తేల్చుకోవాలి. చేసి చూడాలి. ఆ తర్వాత, చేసింది పనికొచ్చిందా లేదా అని మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంతేనా అనిపిస్తుంది వినడానికి. నాకూ అనిపించింది.

శిక్షణలో నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లా కథ చెప్పారు. అక్కడి కొండ ఊళ్ళలో 2001 నుంచి 2003 దాకా ఇలాంటి గుంపులు నడిపారు. నడిపింది వైద్యం చదివిన వాళ్ళు కారు, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళే. గుంపులున్న చోట ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో నెలలోపు పోయినవాళ్ళు 26 మంది. లేని చోట 37 మంది. ఆసుపత్రుల్లో చేసిన బాగుచేతలు రెండు వైపులా ఒకటే, తేడా అంతా మీటింగుల్లోనే. 2004లో ఇది లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. తర్వాత జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఇలాగే ఇరవై మీటింగుల వరస నడిపితే మూడేళ్ళ మీద నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయని 2010లో తేలింది. 2014కల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని సిఫార్సు చేసింది. ఈ అంకెలన్నీ నోట్సులో రెండుసార్లు గీత గీసి పెట్టుకున్నాను. బంగ్లాదేశ్ గురించి కూడా ఏదో చెప్పారు. అప్పటికి మధ్యాహ్నమైంది, ఆ పేజీలో సగమే రాసుకున్నాను.

మొదటి మూడు మీటింగులూ మాట్లాడింది నేనే. బొమ్మల అట్టలు పట్టుకుని, గర్భిణికి ప్రమాద సూచనలు ఇవీ, పసిబిడ్డకి ఇవీ అని వరసగా చెప్పుకుంటూ పోయాను. అందరూ తలలూపారు. మూడో నెలకి 43 కాస్తా 17 అయ్యారు. ఆ రోజు చివర్లో ఒక పెద్దావిడ, ఊళ్ళో ఎన్నో కాన్పులు చేసిన చెయ్యి ఆవిడది, కొంగు దులుపుకుని లేస్తూ అంది: "అమ్మాయీ, నువ్వు చెప్పేదంతా నర్సమ్మ చెప్పేదే. ఆసుపత్రి గోడ మీదా అదే ఉంది. మరి మమ్మల్ని కూర్చోబెట్టింది ఎందుకు?"

ఇంటికెళ్ళేటప్పుడు చాలా రోషం వచ్చింది. జవాబు దొరక్కపోవడం వల్ల వచ్చిన రోషం.

నాలుగో నెల నోరు కట్టేసుకుని వెళ్ళాను. అట్టలు కింద పరిచి, గుప్పెడు గుప్పెడు చింతగింజలు ఒక్కొక్కరి చేతిలో పెట్టి, "మీ ఇంట్లోనో పక్కింట్లోనో నిజంగా జరిగినవి ఏవో వాటి మీద పెట్టండి, ఎక్కువ భయపెట్టిన దాని మీద ఎక్కువ గింజలు" అన్నాను. ఆ తర్వాత నేను చేసిన పనల్లా ఊరుకోవడం. అంత కష్టమైన పని ఆ ఏడాది మొత్తంలో ఇంకోటి చేయలేదు. రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. ఏదో ఒకటి అందామని నా నాలుక దురద పెడుతోంది. అప్పుడొకామె ముందుకు జరిగి, తన గింజలన్నీ ఒకే అట్ట మీద కుమ్మరించి వెనక్కి వెళ్ళి కూర్చుంది. కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం, ఆ బొమ్మ. ఆమె చెల్లెలు అలాగే పోయిందని పక్కామె మెల్లగా చెప్పింది. ఆ తర్వాత గింజలు వాటంతటవే పడ్డాయి, మాటలు కూడా.

నా మనసులో ముందే ఒక సమాధానం ఉంది, రక్తహీనత. పైవాళ్ళు కూడా దాని మీదే ఎక్కువ చెప్పమన్నారు. దాని మీద ఆరు గింజలు పడ్డాయి. ఎక్కువ పడ్డవి మూడిటి మీద: కాన్పు తర్వాత రక్తం పోవడం, పుట్టిన బిడ్డ చల్లబడిపోవడం, రాత్రిపూట ఆసుపత్రికి బండి దొరక్కపోవడం. మూడోదానికి అసలు నా దగ్గర అట్టే లేదు. ఒకామె అక్కడికక్కడ బొగ్గుముక్కతో అట్ట వెనక బండి చక్రాలు గీసింది, దాని మీద గింజలు పోశారు. రిపోర్టులో ఈ మూడూ రాసి పంపితే, రక్తహీనత ఎందుకు లేదని ఫోన్ వచ్చింది. నిజానికి అది మొదటి దాన్లోనే ఉంది. ఒంట్లో రక్తం తక్కువున్న మనిషి పోయే రక్తానికి తట్టుకోలేదు. కానీ అక్కడికి వాళ్ళు తమ దారిన రావాలి గానీ నా దారిన కాదు. వచ్చారు కూడా, మరుసటి నెలలోనే.

ఎలా వచ్చారంటే, 'అయితే ఎందుకు?' అనే ఆట ఒకటుంది. ఒక కథ చెప్తాం. ఒక అమ్మాయికి కాన్పయ్యాక రక్తం ఆగలేదు, ఆసుపత్రికి చేరేలోపు పోయింది. ఎందుకు పోయింది? ఆలస్యమైంది. అయితే ఎందుకు ఆలస్యమైంది? బండి దొరకలేదు. అయితే ఎందుకు? ముందే మాట్లాడుకోలేదు. అయితే ఎందుకు? ఖర్చు గురించి మగవాళ్ళు తేల్చలేదు. అయితే ఎందుకు? ఇక్కడికొచ్చేసరికి నవ్వులు ఆగిపోతాయి. ఈ తీగని పట్టుకుని పోతే ఒక కొస రక్తహీనత దగ్గర తేలింది, ఇంకో కొస 'మా ఆయన ఊళ్ళో లేకపోతే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పే హక్కు ఎవరికుంది' అన్న ప్రశ్న దగ్గర. థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో దీన్నే మూడు ఆలస్యాలుగా చెప్పారు: వెళ్ళాలని తేల్చుకోవడంలో, చేరుకోవడంలో, చేరాక వైద్యం అందడంలో. మా వాళ్ళు ఆ పేర్లేవీ వినకుండానే గంటన్నరలో మూడూ లాగి బయట పెట్టారు.

మొదట పట్టుకున్నది బండి సంగతి. కాన్పు తర్వాత ఉధృతంగా రక్తం పోతే రెండు గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి 'పొద్దున చూద్దాం' అనే మాటకి చోటు లేదు. ఊళ్ళో బండ్లున్న వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు రాసి గోడకి అంటించాం. గర్భిణి ఉన్న ప్రతి ఇంట్లో ఒక కాగితం పెట్టాం. గర్వంగా ఫోటో కూడా తీశాను.

ఆరు వారాలకి ఆ కాగితానికి మొదటిసారి పని పడింది. రాత్రి ఒంటిగంటకి ఉమ్మనీరు పోయింది. మొదటి నంబరు స్విచాఫ్. రెండో ఆయన బండి రిపేరులో ఉంది. మూడో ఆయన ఎత్తాడు గానీ, "నన్నెవరు అడిగారమ్మా, నా పేరు ఎందుకు రాశారు?" అన్నాడు. నిజమే, ఎవరూ అడగలేదు. బండి ఉన్నవాడు వస్తాడని మేమే అనుకుని రాసేశాం. చివరికి నాలుగో మనిషిని తలుపు కొట్టి లేపారు, తల్లీబిడ్డా క్షేమం. మరుసటి మీటింగులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నం వాళ్ళే ఇద్దరిద్దరుగా బండ్లవాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు. రాత్రిపూట ఫోన్ ఆన్‌లో ఉంచే పని వారం వారం ఒకరికి. ఆ వారం ఎవరిదో గోడ మీద సుద్దతో రాయాలి. బాడుగ వెంటనే లేకపోతే సంఘం డబ్బులోంచి ముందు ఇచ్చి, ఆ ఇంటివాళ్ళ దగ్గర మెల్లగా రాబట్టుకోవాలి. ఇందులో ఒక్క ముక్కా నా బుర్రలోంచి రాలేదు. ఈ వరస ఇప్పటికీ నడుస్తోంది, సుద్దముక్క మాత్రం ఎప్పుడూ మాయమవుతుంటుంది.

ఇదంతా బాగుందనుకుంటున్న రోజుల్లో వాగు అవతల ఒక బిడ్డ పోయింది.

ఎనిమిదో నెలలో ఇంట్లోనే పుట్టిన బిడ్డ. చాలా చిన్నగా ఉంది. పుట్టగానే స్నానం చేయించి, గుడ్డలో చుట్టి పక్కన పడుకోబెట్టారు. సాయంత్రానికి పాలు తాగడం మానేసింది. 'నిద్రపోతోందిలే' అనుకున్నారు. అర్ధరాత్రి కాళ్ళు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. తెల్లారి బయల్దేరదామని తేల్చుకున్నారు. తెల్లారకముందే పోయింది.

నేను వారం ఆగి వెళ్ళాను. ఆ తల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడుస్తోంటే అడ్డంగా తువ్వాలు పట్టుకుంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. వాళ్ళ అత్తగారే అడిగింది. "అటు ఒడ్డున మీరేదో చెప్తారంట గదా, బిడ్డ చల్లబడితే ఏం చేయాలో. మాకు కబురే లేదేం?"

కబురు మైకులో చెప్పించేదాన్ని. మైకు వాగు దాటలేదు.

ఆ రాత్రి హాజరు పుస్తకం ముందేసుకుని మొదటిసారి పేర్లు చదివాను. అప్పటిదాకా కింద మొత్తం వేసి ఊరుకునేదాన్ని. వస్తున్నవాళ్ళలో ఎక్కువమంది నలభై దాటినవాళ్ళు, కాన్పులు అయిపోయినవాళ్ళు, కాస్త తీరిక ఉన్నవాళ్ళు. కొత్త కోడళ్ళు లేరు. కూలికెళ్ళేవాళ్ళు లేరు, ఎందుకంటే మీటింగు మధ్యాహ్నం మూడింటికి. వాగు అవతలి నుంచి ఒక్కరూ లేరు. ఆ నెల ఊరు మొత్తం మీద గర్భిణులు పదకొండు మంది. మీటింగుకి వస్తున్నది ఇద్దరు.

అప్పుడు తీశాను శిక్షణ నోట్సులో ఆ సగం రాసిన పేజీ, మిగతా సగం తోటి ఫెసిలిటేటర్ పుస్తకంలోంచి రాసుకున్నాను. బంగ్లాదేశ్‌లో మొదటిసారి ఇవే మీటింగులు నడిపినప్పుడు మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అక్కడ దాదాపు 1,400 మంది జనాభాకి ఒక గుంపు. జార్ఖండ్, ఒడిశాల్లో 470 మందికి ఒకటి. తర్వాత బంగ్లాదేశ్‌లో గుంపులు బాగా పెంచి మళ్ళీ నడిపితే ఈసారి ఫలితం కనిపించింది. 2013లో బంగ్లాదేశ్, భారత్, మలావి, నేపాల్ దేశాల్లో జరిగిన ఏడు ప్రయోగాలని కలిపి చూస్తే తేలిందేమంటే, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది మీటింగులకి వచ్చిన చోట్లే నవజాత శిశు మరణాలు మూడో వంతు దాకా తగ్గాయి. నాది పదకొండుకి రెండు. 18 శాతం. రిపోర్టులో 43 అని మొదటి వాక్యం రాసిన చేత్తోనే ఈ లెక్క వేసుకున్నాను.

హాజరు పుస్తకం మార్చాను. కుడి పేజీలో వచ్చినవాళ్ళ పేర్లు మామూలే. ఎడమ పేజీలో రావాల్సి ఉండి రానివాళ్ళ పేర్లు, పక్కన ఎందుకు రాలేదో ఒక ముక్క. పైవాళ్ళ ఫారంలో దానికి గడి లేదు. ఇప్పటికీ లేదు, అది వేరే సంగతి.

ఎడమ పేజీ చూసుకుంటూ తిరిగితే మీటింగు వేళ సాయంత్రం ఏడున్నరకి మారింది. వాగు అవతల ఇంకో గుంపు మొదలైంది, వాళ్ళ అరుగు మీదే. కొత్త కోడళ్ళని రప్పించాలంటే దారి అత్తగార్ల మీదుగానే పోతుంది. "కోడల్ని పంపండి" అంటే పని కాలేదు. "పిన్నిగారూ, మీ కాలంలో ఎలా జరిగేవో మీరొచ్చి చెప్పాలి, కోడల్ని కూడా తీసుకురండి" అంటే వచ్చారు. ఇది కొంచెం జాణతనమే, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు చెప్పిందీ తక్కువేం కాదు.

కాన్పులు చేసిన ఆ పెద్దావిడ విషయమే చూడండి. పుట్టగానే స్నానం వద్దు, కనీసం ఒక రోజు ఆగాలి అని నేను చెప్తే ఆవిడ ఒప్పుకోలేదు. వాదించడం మానేసి, ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, "రెండు చేతులూ ముంచండి పెద్దమ్మా, ఒకటి తుడుచుకోండి, ఒకటి అలాగే వదిలేయండి" అన్నాను. గాలి వీస్తోంది. కాసేపటికి తడి చెయ్యి చూసుకుని, "ఇది చల్లగా అయిపోయింది" అంది. తర్వాత గుడ్డతో చేసిన బొమ్మని తీసుకుని, పొడి బట్టతో తుడిచి, తలకి టోపీ పెట్టి, తన జాకెట్టు మీదే రొమ్ముల మధ్య ఆనించుకుని, పైన చీరకొంగు కప్పుకుంది. తల్లి ఒంటికి బిడ్డ ఒంటిని నేరుగా ఆనించి ఉంచడం గురించి నేనింకా చెప్పనే లేదు. "నెల తక్కువ బిడ్డల్ని మా అమ్మ ఇలాగే పెట్టించేది, మధ్యలో మేమే మర్చిపోయాం" అంది. ఆ రోజు నుంచి ఆ పాఠం ఆవిడదే. మొదటి గంటలోపే రొమ్ము పట్టించాలి, ముర్రుపాలు పిండి పారేయకూడదు అన్నవి కూడా ఆవిడ నోటి నుంచి వస్తే ఎవరూ కాదనరు, నా నోటి నుంచి వస్తే "చదువుకున్న పిల్ల అలాగే అంటుందిలే" అంటారు.

మగవాళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ నేను పెద్దగా నెగ్గలేదు. రెండు మీటింగులు పెట్టాం. మొదటిదానికి వచ్చారు, రెండోదానికి రాలేదు. పనికొచ్చింది ఒక్కటే. నొప్పులు మొదలైనప్పుడు భర్త ఊళ్ళో లేకపోతే ఎవరి మాట మీద బయల్దేరొచ్చో గర్భిణి ఉన్న ఇంట్లో ఏడో నెలలోనే పేరు చెప్పించుకోవడం. కొందరు మరిదన్నారు, కొందరు అత్తగారన్నారు. ఒకాయన మాత్రం "ఆవిడే చెప్పుకుంటుంది, బయల్దేరమంటే బయల్దేరడమే" అన్నాడు. ఆయన భార్య ఆ మాట విన్నప్పటి మొహం నేను మర్చిపోను.

ఆసుపత్రి వైపు కథ ఇంకా మొండిది. ఇంత చేసి తీసుకెళ్ళాక అక్కడ కసురుకుంటే మళ్ళీ ఎవరు వెళ్తారు? మా వాళ్ళ ఫిర్యాదులు మూడు. కాన్పు గదికి తెర లేదు, తోడొచ్చిన ఆడమనిషిని లోపలికి రానివ్వరు, నొప్పులకి అరిస్తే తిడతారు. నేను రాతపూర్వకంగా ఇద్దామన్నాను. వాళ్ళు వద్దన్నారు. "కాగితం ఇస్తే కోపమొస్తుంది, కూర్చుని మాట్లాడదాం." సరేనని నర్సమ్మనే మీటింగుకి పిలిచారు. ఆవిడ మొదట ముడుచుకునే కూర్చుంది. ఒకామె తన కాన్పు కథ, ఎవరి పేరూ ఎత్తకుండా, మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. నర్సమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంగతి చెప్పింది. రాత్రంతా ఒక్కర్తే, రెండు కాన్పులు ఒకేసారి వస్తే ఎటు పరిగెత్తాలో తెలియదు, నీళ్ళు రావు, అరిచేది భయంతోనే అంది. అప్పటిదాకా ఆవిడ కష్టం మాలో ఎవరికీ తెలియదు.

తెర రెండు వారాల్లో వచ్చింది, కుట్టింది మా గుంపులో ఒకామె. తోడు మనిషిని రానివ్వడానికి ఐదు నెలలు పట్టింది. కాన్పు సమయంలో తనకి నచ్చిన ఒకరు పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సే ఉందని చెప్పినా పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు. ఒప్పించింది నర్సమ్మే, 'తోడుంటే నాకు ఇంకో రెండు చేతులు ఉన్నట్టు' అని. తిట్లు తగ్గాయి, పోలేదు. నీళ్ళ సంగతి ఇంకా అలాగే ఉంది.

1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని అల్మా ఆటాలో దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ప్రకటనలో, తమ ఆరోగ్య సేవల ప్రణాళికలోనూ అమలులోనూ పాల్గొనే హక్కు, బాధ్యత ప్రజలకి ఉన్నాయని ఉంది. అమలుకి మాత్రం అందరం పిలుస్తాం, టీకాల రోజున జనాన్ని పోగుచేయమనీ, కాగితాలు పంచమనీ. ప్రణాళిక దగ్గరికొచ్చేసరికి తలుపు వేసేస్తాం. నేనూ వేశాను, మూడు నెలలు.

రెండో ఏడు వాగు అవతల గుంపులో ఒక రాత్రి. బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకుంటున్నారు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊపిరి తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, ఆగకుండా బయల్దేరాలి. పాలు తాగడం మానేసినా అంతే. నిద్రపోతున్న ఒక పసిగుడ్డు పొట్ట మీద అందరి కళ్ళూ ఉన్నాయి. ఫోన్‌లో నిమిషం పెట్టాను. ఒకరికి 38 వచ్చింది, ఒకరికి 51, ఒకరు మధ్యలో మర్చిపోయారు. మళ్ళీ పెట్టాను. గుమ్మం దగ్గర కూర్చున్న ఒకావిడ, ఆ పోయిన బిడ్డ నాయనమ్మ, చదువు రాదు ఆవిడకి, చింతగింజలు ఒళ్ళో పోసుకుని ఒక్కో ఊపిరికి ఒక్కో గింజ పక్కకి జరిపింది. నిమిషం అయ్యాక లెక్కపెడితే 42. నాకు కూడా 42 వచ్చింది. "ఇంకోసారి పెట్టమ్మా," అంది, "ఈసారి గింజల్లేకుండా చూస్తా."

ఈ నెల ఎడమ పేజీలో మూడు పేర్లున్నాయి. ఒకామె పనికోసం వలస వెళ్ళింది, ఫోన్ నంబరు తీసుకున్నాను. ఒకామెకి సాయంత్రాలు కుదరవట, ఆదివారం వాళ్ళింటికే వెళ్ళాలి. మూడో పేరు పక్కన ఎందుకు రాలేదో ఇంకా రాయలేదు. రేపు కనుక్కోవాలి.